హీటర్ కోర్ బైపాస్: గొట్టాలు మూయకండి, మళ్లించండి

ఏసీ ఫుల్‌లో ఉన్నా కాళ్ల దగ్గర వెచ్చటి గాలి. అద్దం లోపలి వైపు ఎంత తుడిచినా పోని జిడ్డు పొర. ఎడమ సీటు కింద కార్పెట్ తడి, దానికో తియ్యటి వాసన. ఈ మూడింటిలో ఏది కనిపించినా మెకానిక్ నోటి నుంచి వచ్చే మాట ఒకటే: "హీటర్ కాయిల్ బైపాస్ చేసేద్దాం సార్, మన ఎండలకి అదెందుకు?"

సలహా తప్పేం కాదు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో కారు హీటర్‌తో ఎవరికీ పని లేదు. తేడా వచ్చేది చేసే తీరులోనే. హీటర్‌కి వెళ్లే రెండు గొట్టాలు కోసి, చివర్లలో బోల్టులు దూర్చి క్లిప్పులు బిగించి పంపే షెడ్లు చాలా ఉన్నాయి. కొన్ని ఇంజిన్లు దానికి తట్టుకుంటాయి, కొన్ని హెడ్ గాస్కెట్‌తో (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) ఆ బాకీ తీరుస్తాయి. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తిరిగే దారి మూసుకుపోకుండా, ఆ దారిని కోర్‌లోకి వెళ్లనీయకుండా పక్కకి తిప్పడమే సరైన బైపాస్.

అసలు లోపల ఏముంది

డ్యాష్‌బోర్డ్ వెనక ఒకే ప్లాస్టిక్ పెట్టెలో రెండు కాయిల్స్ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఏసీ కూలింగ్ కాయిల్. ఏసీ బాగుంటే అది 2 నుంచి 6 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండోది హీటర్ కోర్ (మెకానిక్ అనే హీటర్ కాయిల్ ఇదే), అంటే అరచేతి కన్నా కాస్త పెద్దదైన చిన్న రేడియేటర్. ఇంజిన్ నుంచి 90 డిగ్రీల కూలెంట్ ఒక గొట్టంలో వచ్చి, కోర్‌లో తిరిగి, ఇంకో గొట్టంలో వాటర్ పంప్ వైపు వెనక్కి వెళ్తుంది. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న ఇనుప గోడలోంచి ఈ రెండు గొట్టాలు లోపలికి దూరతాయి. బానెట్ ఎత్తితే ఒకదాని పక్కన ఒకటి కనిపించే బొటనవేలంత లావు రబ్బరు గొట్టాలు ఇవే.

వేడిని అదుపు చేసే ఏర్పాట్లు రెండు రకాలు. కొన్ని కార్లలో కోర్‌కి వెళ్లే గొట్టం మీదే ఒక వాల్వ్ ఉంటుంది. నాబ్‌ని చల్లటి వైపు తిప్పితే కూలెంట్ ఆగిపోతుంది. ఎక్కువ కార్లలో మాత్రం వాల్వ్ ఉండదు. కూలెంట్ ఎప్పుడూ కోర్‌లో తిరుగుతూనే ఉంటుంది, గాలి కోర్ మీదుగా వెళ్లకుండా ఒక ఫ్లాప్ అడ్డం పడుతుంది. ఆ ఫ్లాప్ అంచున అతికించిన స్పాంజ్ ఏళ్లు గడిచేసరికి పొడిపొడి అవుతుంది. ఏసీ వెంట్ల నుంచి నల్లటి రవ్వలు సీట్ల మీద రాలుతుంటే అవి ఆ స్పాంజ్ ముక్కలేనని అనుకోవచ్చు. అక్కడి నుంచి ఏసీ చల్లబరిచిన గాలిలో కొంత మళ్లీ వేడి కోర్‌ని తాకి బయటికి వస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది

ఏసీ సరిగా చల్లబరచట్లేదని నేరుగా బైపాస్‌కి దిగకండి. ఎక్కువ సార్లు అసలు కారణం గ్యాస్ తగ్గడం, కండెన్సర్ జాలీలో దుమ్ము పేరుకోవడం, క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోవడం, లేదా రీసర్క్యులేషన్ ఫ్లాప్ పూర్తిగా మూసుకోక బయటి వేడి గాలి లోపలికి రావడం. ఇవన్నీ చూశాక కోర్ సంగతి తేల్చడానికి పది రూపాయలు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది.

కారుని నీడలో పెట్టండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఏసీ ఫుల్, రీసర్క్యులేషన్ ఆన్, ఫ్యాన్ రెండో స్పీడ్, నాబ్ చివరి చల్లటి గీత దగ్గర ఉంచండి. మధ్య వెంట్‌లో వంటింటి థర్మామీటర్ గుచ్చి, పది నిమిషాలు ఆగి అంకె రాసుకోండి. తర్వాత కోర్‌కి వెళ్లే గొట్టాన్ని రెండు చిన్న చెక్క ముక్కల మధ్య పెట్టి వైస్ గ్రిప్ ప్లయర్‌తో నొక్కి, మరో పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. తేడా ఒకటి రెండు డిగ్రీలే అయితే బైపాస్ చేసి సాధించేది ఏమీ లేదు, డబ్బు ఏసీ మీద పెట్టండి. నాలుగు డిగ్రీలు దాటితే దోషం కోర్ వైపే. గొట్టం ఎండిపోయి గట్టిపడి, వేలితో నొక్కితే పైన పగుళ్లు కనిపిస్తుంటే ఈ పరీక్ష జోలికి పోకండి. నొక్కిన చోటే చిట్లుతుంది. ఫ్యాన్ ఎప్పుడైనా తిరగొచ్చు కాబట్టి చేతులు, చున్నీలు, వదులు చొక్కాలు దూరంగా ఉంచండి.

తేడా నాలుగు దాటినా వెంటనే గొట్టాలు కోయనక్కర్లేదు. డ్యాష్‌బోర్డ్ కింద, యాక్సిలరేటర్ పెడల్ పక్కగా చూస్తే నాబ్ నుంచి వచ్చే కేబుల్ ఒక ప్లాస్టిక్ చేతికి తగిలించి ఉంటుంది. కేబుల్ సాగినా, క్లిప్పు జారినా ఫ్లాప్ చివరి వరకు మూసుకోదు. క్లిప్పు ఊడదీసి, ఫ్లాప్ చేతిని చేత్తో చల్లటి వైపు చివరిదాకా నెట్టి, నాబ్ కూడా చివర ఉంచి క్లిప్పు మళ్లీ బిగిస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. వాల్వ్ ఉన్న కార్లో కూడా ఇదే కేబుల్ వరుస. చాలా "హీటర్ సమస్యలు" ఇక్కడే తీరిపోతాయి.

కోర్ కారుతోందా అన్నది వేరే ప్రశ్న. కార్పెట్ తడిని తెల్ల టిష్యూతో అద్ది చూడండి. రంగు లేకుండా, వాసన లేకుండా ఉంటే అది ఏసీ నీళ్లు, డ్రెయిన్ పైపు మూసుకుంది, అంతే. ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండి, వేళ్ల మధ్య జారుతూ, తియ్యటి వాసన వేస్తే అది కూలెంట్. నాలుకకి తగిలించి చూడకండి. ఇథిలీన్ గ్లైకాల్ విషం. అద్దం లోపల జిడ్డు పొర కూడా దాని ఆవిరే. బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గుతూ, కార్పెట్ కూడా పొడిగానే ఉంటే మాత్రం కోర్‌ని అనుమానించే ముందు సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తోందా, రేడియేటర్ మూత రబ్బరు బాగుందా చూడండి.

కారే కోర్‌కి పసుపు వేయడం, స్టాప్ లీక్ పొడి పోయడం దారిలో ఇల్లు చేరడానికి పనికొచ్చే చిట్కాలు. కోర్‌లోని సన్నని నాళాలని మూసే ఆ పదార్థమే రేడియేటర్ నాళాలనీ మూస్తుంది. ఇంటికి చేరాక వ్యవస్థంతా కడిగించుకోవాలి.

బోల్టు దూర్చి ఎందుకు మూయకూడదు

థర్మోస్టాట్ మూసి ఉన్నంత సేపు, అంటే కూలెంట్ సుమారు 82 నుంచి 88 డిగ్రీలు చేరేదాకా, రేడియేటర్ వైపు దారి ఉండదు. ఆ సమయంలో పంప్ నెట్టే కూలెంట్ ఏదో ఒక చిన్న దారిలో తిరుగుతూ ఉండాలి. కొన్ని ఇంజిన్లకి దీనికోసం విడిగా బైపాస్ గొట్టం ఉంటుంది. మరికొన్నిటిలో హీటర్ దారే ఆ బైపాస్. దాన్ని మూసేస్తే హెడ్‌లో నీరు కదలదు, సిలిండర్ల చుట్టూ వేడి పెరిగిపోతుంది. దూరంగా కూర్చున్న థర్మోస్టాట్‌కి మాత్రం ఆ వేడి అందదు. అది ఆలస్యంగా, ఒక్కసారిగా తెరుచుకుంటుంది. గేజ్ ముల్లు పైకీ కిందకీ ఊగడం దీని గుర్తు. అలా ఊగుతోందని కొందరు థర్మోస్టాట్‌నే పీకేస్తారు. అప్పుడు ఇంజిన్ వేడెక్కక మైలేజీ పడిపోతుంది. ఒక తప్పు మీద ఇంకో తప్పు.

ఇంకో కారణం. చాలా డీజిల్ కార్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లబరిచేది), ఆయిల్ కూలర్, కొన్నిటిలో టర్బో చల్లదనం ఈ హీటర్ దారిలోనే వరుసగా తగిలించి ఉంటాయి. పెట్రోల్ కార్లలో థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) ఉండొచ్చు. గొట్టం మూస్తే వాటికీ కూలెంట్ ఆగిపోతుంది. కాబట్టి కోసే ముందు రెండు గొట్టాల్నీ ఇంజిన్ దాకా వేలితో వెంబడించి చూడండి. మధ్యలో ఏదైనా లోహపు డబ్బాలోకి వెళ్లి వస్తుంటే, మీ మళ్లింపు దానికీ ఇనుప గోడకీ మధ్యే ఉండాలి. ఆ డబ్బా దారి కదలకూడదు.

మూడు పద్ధతులు, ఎవరికి ఏది

కోర్ కారుతుంటే లూప్ ఒక్కటే మార్గం. అంటే ఇంజిన్ నుంచి వచ్చే గొట్టాన్ని, ఇంజిన్‌కి తిరిగి వెళ్లే గొట్టాన్ని నేరుగా కలిపేయడం. కోర్ రెండు నిపుల్స్ (గొట్టం తొడిగే చిన్న పైపు మొనలు) ఖాళీగా మిగులుతాయి.

కోర్ బాగుండి వేడి గాలి మాత్రమే ఇబ్బంది అయితే, వెళ్లే గొట్టంలో ఒక వాల్వ్ పెట్టుకోవచ్చు. ఎండాకాలం మూత, చలికాలం తెరుపు. ప్లంబింగ్ షాపులో దొరికే అర అంగుళం ఇత్తడి బాల్ వాల్వ్, రెండు వైపులా గొట్టం తొడిగే నిపుల్స్‌తో చాలు. పీవీసీ, సీపీవీసీ వాల్వులు వద్దు. 90 డిగ్రీల దగ్గర, ఒత్తిడిలో అవి నిలవవు. ఇత్తడి వాల్వ్ బరువు గొట్టం మీద వేలాడకుండా చిన్న పట్టీతో గోడకి బిగించాలి, లేకపోతే కుదుపులకి కోర్ నిపుల్ దగ్గర ఊగి ఊగి పగులుతుంది. అయితే ఇలా ఒక్క వాల్వ్ పెట్టడమంటే గొట్టం మూయడమే. పైన చెప్పినట్టు విడి బైపాస్ దారి ఉన్న ఇంజిన్‌కే ఇది సరిపోతుంది.

అది తెలియని చోట, లేదా కూలెంట్ దారి ఆగకుండానే చలికాలం హీటర్ కూడా కావాలనుకున్నప్పుడు నాలుగు నిపుల్స్ ఉన్న హీటర్ బైపాస్ వాల్వ్ కొనండి. మూసినప్పుడు కూలెంట్ కోర్‌లోకి వెళ్లకుండా వాల్వ్‌లోనే తిరిగి ఇంజిన్ వైపు వెళ్తుంది. కేబుల్‌తో, వాక్యూమ్‌తో, 12 వోల్టులతో పనిచేసే రకాలున్నాయి. చేత్తో తిప్పేదో కేబుల్‌దో చాలు. ఏడాదికి రెండు సార్లు తిప్పేదానికి కరెంటు మోటారు ఎందుకు?

ఒక్కటి గుర్తుంచుకోండి. కారే కోర్‌ని ఈ వాల్వులు ఆపలేవు. వెళ్లే వైపు మూసినా, తిరిగొచ్చే గొట్టం చాలా వాల్వుల్లో తెరిచే ఉంటుంది. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో (బార్‌లలో) రాసి ఉంటుంది కదా, ఆ ఒత్తిడంతా వెనక వైపు నుంచి కోర్ మీద పడుతూనే ఉంటుంది. వాల్వ్ పెట్టించినా కార్పెట్ తడుస్తోందని వచ్చే ఫిర్యాదుల వెనక ఉన్నది ఇదే.

లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వైపు చలికాలంలో తిరిగేవాళ్లకి వాల్వ్ మేలు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి కూడా అంతే. కువైట్‌లో జూలై ఎంత మండినా జనవరి రాత్రులు చలి గట్టిగానే ఉంటుంది. అమెరికాలో మంచు పడే చోట ఉన్నవాళ్లు ఈ పని తలపెట్టకండి. అక్కడ అద్దం మీద మంచు కరిగించేది హీటరే.

బైపాస్ అసలు చేయకూడని కార్లు కూడా ఉన్నాయి. హైబ్రిడ్‌లు, హీటర్ దారిలో విడిగా కరెంటు పంపు ఉన్న ఖరీదైన జర్మన్ కార్లు, వారంటీలో ఉన్న ఏ కారైనా ఈ జాబితాలోకి వస్తాయి. ఆ పంపులు కూలెంట్ లేకుండా తిరిగితే కాలిపోతాయి.

సీఎన్‌జీ, ఎల్‌పీజీ కార్ల వాళ్లు ఇది తప్పక చదవండి

బయట కిట్ వేయించిన కార్లో హీటర్ గొట్టాలకి టీ జాయింట్లు కొట్టి గ్యాస్ రెడ్యూసర్‌కి (గ్యాస్ ఒత్తిడి తగ్గించే పరికరం) వేడి కూలెంట్ ఇస్తారు. సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో ఉన్న సీఎన్‌జీ, రెడ్యూసర్‌లో ఒక్కసారిగా వ్యాకోచించి విపరీతంగా చల్లబడుతుంది. ఆ చలిని తట్టుకోవడానికే ఈ వేడి నీరు. ఎల్‌పీజీ అయితే ద్రవం ఆవిరి కావడానికే ఈ వేడి కావాలి. బైపాస్ చేసేటప్పుడు రెడ్యూసర్‌కి కూలెంట్ ఆగిందా, మే నెల మిట్టమధ్యాహ్నం కూడా దాని మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. బండి కుదుపుతో నడుస్తుంది, చివరికి గ్యాస్‌లో ఆగిపోతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. టీలు అలాగే ఉంచి వాటి పక్కనే ఏ అడ్డూ లేని లావు లూప్ వేస్తే, కూలెంట్ సులువైన దారే పడుతుంది. రెడ్యూసర్ సన్న గొట్టాల్లోకి వెళ్లేది తగ్గుతుంది. రెడ్యూసర్ నిపుల్స్ హీటర్ గొట్టమంత లావు ఉంటే టీలు తీసేసి రెడ్యూసర్‌నే కోర్ స్థానంలో వరుసగా తగిలించండి. అదే మీ లూప్. నిపుల్స్ సన్నగా ఉంటే టీలు ఉంచి, లూప్‌లో రిస్ట్రిక్టర్ (దారిని సన్నబరిచే ముక్క) పెట్టండి. దాని సంగతి కింద చెప్పాం. పని అయ్యాక అరగంట గ్యాస్ మీద నడిపి, ఆపి, రెడ్యూసర్ ఒంటిని ముట్టి చూడండి. వెచ్చగా ఉండాలి. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చిన కారుని మాత్రం సర్వీస్ సెంటర్‌కే వదిలేయండి.

సామాను

గొట్టం లోపలి కొలత ముఖ్యం. ఎక్కువ కార్లలో 16 మి.మీ., కొన్నిటిలో 19 మి.మీ. రెండు చివర్లా ఒకే కొలత ఉంటుందని అనుకోకండి. కొన్ని కార్లలో ఒకటి 16, రెండోది 19 ఉంటుంది, అప్పుడు మెట్టు జాయింటర్ కావాలి. నిపుల్ బయటి కొలతని వెర్నియర్‌తో చూసి వెళ్లండి. "హీటర్ హోస్" అని అడిగి, దాని మీద ఈపీడీఎం (వేడి కూలెంట్‌కి తట్టుకునే రబ్బరు) అనో, ఎస్‌ఏఈ జె20 (కూలెంట్ గొట్టాల ప్రమాణం) అనో ముద్ర ఉందేమో చూడండి. పెట్రోల్ పైపు, గార్డెన్ పైపు, గ్యాస్ స్టవ్ ట్యూబ్ ఏవీ పనికిరావు. పెట్రోల్ పైపు చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ అది వేరే రబ్బరు, వేడి కూలెంట్‌కి నిలవదు.

మామూలు తిన్నని 16 మి.మీ. గొట్టాన్ని 10 సెం.మీ. కన్నా తక్కువ వ్యాసార్థంలో వంచితే మడత పడి దారి మూసుకుంటుంది. కాబట్టి వెనక్కి తిరిగే వంపుకి, కాళ్లకీ కలిపి 50 నుంచి 60 సెం.మీ. ముక్క కావాలి. అంత చోటు లేకపోతే వంపుతోనే అచ్చు పోసిన యూ ఆకారపు గొట్టం తీసుకోండి. స్క్రూ క్లిప్పులు 16 మి.మీ. గొట్టానికి 20 నుంచి 32 సైజు సరిపోతాయి. అవి నాలుగు. ఇత్తడి జాయింటర్ ఒకటి. నల్ల ప్లాస్టిక్ టీలు, జాయింటర్లు చౌకే కానీ ఇంజిన్ వేడికి రెండేళ్లలో పెళుసై హైవే మీద విరుగుతాయి. కోర్ నిపుల్స్‌కి తొడిగే రబ్బరు టోపీలు రెండు.

కూలెంట్ రెండు లీటర్లు దగ్గర పెట్టుకోండి. రెడీమిక్స్ అయితే నేరుగా, గాఢంగా ఉన్నదైతే డబ్బా మీద చెప్పినంత డిస్టిల్డ్ వాటర్‌తో. ఎండ ప్రాంతమని బోరు నీళ్లతో సరిపెట్టకండి. నీటి కాఠిన్యం రేడియేటర్‌లో పొరలుగా పేరుకుంటుంది, తుప్పుని ఆపే మందు ఉండదు. సగం సగం గ్లైకాల్ మిశ్రమం మామూలు ఒత్తిడిలో 106 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీరు 100కే. మూత బిగించాక రెండింటికీ ఆ అంకెలు సుమారు ఇరవై డిగ్రీలు పెరుగుతాయి. పాత కూలెంట్ ఏ రకమో అదే రకం పోయండి. రంగు చూసి కాదు, డబ్బా మీద రాసింది చదివి.

పని

ఇంజిన్ ఆపి కనీసం రెండు గంటలు ఆగండి. రేడియేటర్ పై గొట్టం చేత్తో పట్టుకుంటే చల్లగా ఉండాలి. అప్పుడే మూత తీయాలి, అదీ పావు తిప్పు తిప్పి బుస్సుమనేది ఆగాకే. ఈ ఒక్క చోట తొందరపడితే ముఖం కాలుతుంది.

హీటర్ నాబ్‌ని పూర్తిగా వేడి వైపు తిప్పి ఉంచండి, ఉన్న వాల్వ్ తెరుచుకుంటుంది. రేడియేటర్ కింద ట్రే పెట్టి ఒకటి రెండు లీటర్లు వదిలితే గొట్టాలు ఖాళీ అవుతాయి. శుభ్రంగా ఉంటే మళ్లీ పోయడానికి పక్కన పెట్టండి. గొట్టాలు ఊడదీసే ముందు ఫోన్‌లో ఫోటో తీసి, వెళ్లేదానికి ఒక రంగు, వచ్చేదానికి ఒక రంగు టేపు చుట్టండి. ఏది ఏదో తెలియకపోతే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ముందుగా వేడెక్కేది వెళ్లే గొట్టం. ఇది పని మొదలుపెట్టే ముందు రోజే చూసి పెట్టుకోవాలి.

ఇనుప గోడ దగ్గర క్లిప్పులని ప్లయర్‌తో నొక్కి వెనక్కి జరపండి. గొట్టం పాతదై అతుక్కుపోయి ఉంటే మెలితిప్పకండి. కోర్ నిపుల్స్ పలచటి అల్యూమినియంవో రాగివో, లాగితే లోపల అతుకు దగ్గర ఊడతాయి. బాగున్న కోర్ కూడా అప్పుడే పాడవుతుంది. బ్లేడుతో గొట్టాన్ని నిలువుగా చీల్చి, అరటితొక్కలా ఒలిచేయడం మంచిది. బ్లేడు నిపుల్ మీద గీత పెట్టకుండా చూసుకోండి.

ఇప్పుడు రెండు దారులు. ఉన్న గొట్టాలు మెత్తగా, పగుళ్లు లేకుండా ఉండి, ఒకదాని చివర ఇంకొకదానికి వంపు మడత పడకుండా అందితే, రెంటినీ ఇత్తడి జాయింటర్‌తో కలిపేయండి. పాతవైతే ఇంజిన్ వైపు నిపుల్స్ దాకా తీసేసి కొత్త గొట్టం ఒకే ముక్కగా, మధ్యలో జాయింటే లేకుండా వేయండి. ఎక్కువ ఖర్చేమీ కాదు, తర్వాత కారేందుకు చోట్లు తగ్గుతాయి. గొట్టం నిపుల్ మీదకి కనీసం 25 మి.మీ. ఎక్కాలి. ఎక్కకపోతే చివర కొంచెం కూలెంట్ రాయండి, నూనె, గ్రీజు వద్దు. క్లిప్పు నిపుల్ మీద ఉబ్బెత్తు అంచుకి లోపలి వైపు కూర్చోవాలి. రబ్బరు క్లిప్పు గాట్లలోంచి కొద్దిగా ఉబికేదాకా బిగిస్తే చాలు. ఇంకా బిగిస్తే రబ్బరు తెగుతుంది.

లూప్ సైలెన్సర్ మేనిఫోల్డ్‌కి, బెల్టుకి, స్టీరింగ్ రాడ్‌కి తగలకూడదు. జిప్ టైతో కట్టండి, కానీ గొట్టం నడుము నొక్కేంత గట్టిగా కాదు.

రిస్ట్రిక్టర్ మాట. కోర్‌లోని సన్నని నాళాలు సహజంగానే కూలెంట్‌కి కొంత అడ్డు. లావు గొట్టంతో లూప్ వేస్తే ఆ అడ్డు పోతుంది. పంప్ నెట్టే నీటిలో ఎక్కువ వాటా రేడియేటర్‌కి వెళ్లకుండా, చల్లబడకుండానే లూప్‌లో తిరిగి పంప్‌కి చేరుతుంది. హైవేలో తెలియదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో, ఏసీ ఆన్‌లో, ఐడిల్‌లో ఉన్నప్పుడు ముల్లు మామూలు కన్నా కాస్త పైకి పోవచ్చు. లోపలి రంధ్రం 12 మి.మీ. దాకా ఉండే మామూలు ఇత్తడి జాయింటరే చాలా కార్లకి ఈ అడ్డుగా సరిపోతుంది. అయినా వేడి పెరిగితే లేత్ షాపులో 8 నుంచి 10 మి.మీ. రంధ్రంతో ఇత్తడి ముక్క తిప్పించి, గొట్టం లోపల పెట్టి పైన క్లిప్పు బిగించండి. ఇంతకన్నా చిన్న రంధ్రం వద్దు, మళ్లీ గొట్టం మూసిన కథే అవుతుంది.

కోర్‌లో మిగిలిన కూలెంట్ తీసేయాలి. కారే కోర్‌లోకి కంప్రెసర్ గాలి కొడితే అదంతా పెట్టెలోకి, అక్కడి నుంచి కార్పెట్ మీదకి చిమ్ముతుంది. తడిని కూడా పీల్చే వాక్యూమ్ క్లీనర్‌తో ఒక నిపుల్ దగ్గర పీల్చండి, రెండోది తెరిచి ఉంచండి. తర్వాత రెండింటికీ రబ్బరు టోపీలు తొడిగి క్లిప్పు వేయండి. టోపీలు లేకపోతే ఇంజిన్ గదిలోని వాసన, దుమ్ము కోర్‌లోకి చేరతాయి, సాలెపురుగులు కూడా. వచ్చే ఏడాది కోర్‌ని మళ్లీ వాడాలనుకుంటే ఇది ఇంకా అవసరం.

గాలి తీయడం

పని బాగా చేసి ఇక్కడ చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ. గాలి బుడగ హెడ్‌లో ఇరుక్కుంటే గేజ్ సెన్సర్ చుట్టూ నీరుండదు, ముల్లు చల్లగా చూపిస్తుండగానే ఇంజిన్ ఉడికిపోతుంది.

కారు ముందు చక్రాలు ఎత్తుగా ఉండేలా చిన్న వాలులో నిలపండి, హ్యాండ్ బ్రేక్, చక్రాల కింద రాళ్లు. మూత తీసి కూలెంట్ సన్నటి ధారగా పోయండి. నింపేటప్పుడు గొట్టాలని చేత్తో పిసుకుతుంటే బుడగలు పైకి వస్తాయి. కొన్ని యూరప్ కార్లకి గాలి తీసే స్క్రూ హీటర్ గొట్టం మీదే ఉంటుంది. మీరు తీసేసిన ముక్కలో అది ఉంటే దాన్ని కోసి కొత్త లూప్‌లో అత్యంత ఎత్తైన చోట జాయింటర్లతో పెట్టాల్సిందే. లూప్ కూడా మధ్యలో పైకి లేచిన గుర్రపు నాడాలా కాకుండా పడుకోబెట్టినట్టు ఉంటే గాలి నిలవదు.

ఏసీ ఆఫ్‌లో ఉంచి ఇంజిన్ ఐడిల్‌లో నడపండి. మట్టం దిగుతుంటే పోస్తూ ఉండండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే ఒక్కసారి దిగుతుంది, అక్కడ మళ్లీ నింపి మూత పెట్టేయండి. ఫ్యాన్ రెండు సార్లు వచ్చి ఆగేదాకా ఉంచండి. రేడియేటర్ కింది గొట్టం కూడా వేడెక్కిందంటే నీరు తిరుగుతున్నట్టే. ఆపి, పూర్తిగా చల్లారాక, వీలైతే మరుసటి ఉదయం, మట్టం చూసి పోయండి. రేడియేటర్‌కి మూత లేకుండా ఒత్తిడి ట్యాంకు ఉన్న కార్లో అంతా ట్యాంకులోనే, చల్లగా ఉన్నప్పుడు మ్యాక్స్ గీత దాటకుండా.

తర్వాత చూసుకోవాల్సినవి

మొదటి వారం రోజూ ఉదయం మట్టం చూడండి. వారం గడిచాక క్లిప్పులు ఒకసారి బిగించండి, కొత్త రబ్బరు కాస్త నలిగి వదులవుతుంది. ఈ మధ్య చాలా కార్లకి ముల్లు లేదు, నీలం దీపం ఎర్ర దీపం మాత్రమే. ఎర్ర దీపం వెలిగేసరికి ఆలస్యమైపోతుంది. చవకైన ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) తగిలించి ఫోన్‌లో కూలెంట్ అంకె చూడండి. మధ్యాహ్నం ఎండలో, ఏసీ ఆన్‌లో, అరగంట ఐడిల్‌లో అది 85కీ 100కీ మధ్య తిరుగుతూ ఫ్యాన్ వచ్చినప్పుడల్లా దిగుతుంటే బాగున్నట్టు. 105 దాటి దిగకపోతే ఆపేసి, ముందు గాలిని, తర్వాత లూప్ మడతని, ఆ తర్వాత రిస్ట్రిక్టర్‌ని అనుమానించండి.

ఘాట్ ఎక్కేవాళ్లు ఒకటి వదులుకుంటున్నారు. తిరుమల, శ్రీశైలం, అనంతగిరి ఘాట్లలో ఇంజిన్ వేడెక్కితే ఏసీ ఆపి హీటర్ ఫుల్‌లో పెట్టడం పాత చిట్కా. కోర్ అప్పుడు రెండో రేడియేటర్‌లా పనికొస్తుంది. లూప్ వేశాక ఆ ఆసరా ఉండదు, కాబట్టి రేడియేటర్, ఫ్యాన్ మంచి స్థితిలో లేని కారుకి లూప్ వేసి ఘాట్ ఎక్కకండి.

వానాకాలంలో అద్దం లోపల ఆవిరి పడితే ఏసీయే తీస్తుంది, తడి లాగేది కూలింగ్ కాయిలే. కాకపోతే హీటర్‌తో వెచ్చబెట్టే వీలు లేదు గనక క్యాబిన్ బాగా చల్లబడుతుంది. ఆ చలికి అద్దం బయటి వైపు మంచు పడితే వైపర్ వేసి, గాలిని అద్దం మీద నుంచి ముఖం వైపు తిప్పండి.

కూలెంట్ తాగిన కార్పెట్ ఎండలో పెట్టినంత మాత్రాన బాగుపడదు, గ్లైకాల్ సులువుగా ఆవిరి కాదు. కార్పెట్‌ని, కింది ఫోమ్‌ని బయటికి తీసి గోరువెచ్చని నీళ్లతో జారుడు పోయేదాకా కడిగి ఆరబెట్టండి. అదే చోట నేల మీద వైరింగ్ కనెక్టర్లుంటే ఊడదీసి తుడవండి. పారబోయాల్సిన కూలెంట్‌ని కాలవలోనో వాకిట్లోనో పోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొంచెమే చాలు కిడ్నీలు పోతాయి. మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాప్‌లో ఇవ్వండి.

చివరిగా బానెట్ లోపల ఒక స్టిక్కర్ మీద తేదీ, "హీటర్ బైపాస్, లూప్ 16 మి.మీ.", రిస్ట్రిక్టర్ ఉంటే దాని రంధ్రం కొలత రాసి అతికించండి. రేపు ఇంకో మెకానిక్ హీటర్ పని చేయట్లేదని థర్మోస్టాట్, వాటర్ పంప్ మార్చేయకుండా ఉంటాడు. కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లకి కూడా ఇది చెప్పాలి, కోర్ కారుతూ లూప్ వేసిన కారైతే మరీ.